నోట్‌ప్యాడులో నాన్నగారి కథ

మా నాన్నగారు బహ్రెయిన్‌కి రెండుసార్లు వచ్చారు. 1998 చలికాలంలో ఒకసారి, 2001లో మరోసారి. రెండుసార్లూ బుదైయాలో మా ఇంట్లోనే ఉన్నారు. ద్వీపానికి వాయవ్య మూల, సముద్రం ఒడ్డున ఉన్న ఊరిది. చుట్టుపక్కల ఖర్జూరపు తోటలూ కూరగాయల మళ్ళూ ఉండటం వల్ల ఆయనకి మనామా కన్నా ఇక్కడే ప్రాణానికి హాయిగా ఉండేది. పొద్దున్నే అటు నడిచి వచ్చి, "నీళ్ళు లేనిచోట వీళ్ళు ఆకుకూరలు పండిస్తున్నార్రా, మనం గోదావరి పక్కన కూర్చుని కాలవలో నీళ్ళు రాలేదని ఏడుస్తున్నాం" అనేవారు.

శుక్రవారం నాకు సెలవు. ఆ రోజు కాఫీ తాగి ఆయన తన కథ చెప్పేవారు, నేను కంప్యూటర్లోకి ఎక్కించేవాణ్ణి. వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, ఒక చేను అమ్మి ఆయన్ని కాకినాడ పీ.ఆర్. కాలేజీలో చేర్పించిన సంగతి, బడిపంతులు ఉద్యోగం, వరదలు, పెళ్ళిళ్ళు... అన్నీ. మొదటిసారి వచ్చినప్పుడు సగం అయ్యింది, రెండోసారి మిగతా సగం. 2011లో ఆయన పోయారు.

నిరుడు టొరొంటో నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "తాతయ్య కథ పంపించండి నాన్నా, మా వాడికి చదివి వినిపిస్తాను" అంది. మెట్ల కింద అట్టపెట్టె తెరిచాను. ఫ్లాపీల్లోంచి ఎప్పుడో సీడీలోకి ఎక్కించి పెట్టుకున్న ఫైళ్ళవి. మొదటి సగం క్షణంలో తెరుచుకుంది. రెండో సగం కూడా తెరుచుకుంది, కానీ అందులో తెలుగూ లేదు, ఇంగ్లీషూ లేదు. కొమ్ములూ టోపీలూ పెట్టుకున్న ఐరోపా అక్షరాలు, మధ్యమధ్య పౌండు గుర్తులు, డిగ్రీ సున్నాలు. ఒకే ఇంట్లో, ఒకే కంప్యూటరు మీద, ఒకే మనిషి టైపు చేసిన రెండు భాగాలకి ఇంత తేడా ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి.

కంప్యూటరుకి అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకెకి ఏ అక్షరమో 1963లో అమెరికావాళ్ళు ఒక పట్టిక వేసుకున్నారు. దాని పేరు ఆస్కీ. అందులో 128 గదులు. కంటికి కనిపించే గుర్తులకి, ఖాళీ జాగాతో కలిపి, 95 గదులు. మిగిలిన 33 గదులు పాత టెలిప్రింటర్లకి "కింది వరసకి పో", "గంట కొట్టు" అని చెప్పే ఆజ్ఞలకి. ఇంగ్లీషు పెద్ద ఏ అంటే 65, చిన్న ఏ అంటే 97. నోట్‌ప్యాడులో రాసి దాచే ఫైలు అంటే ఈ అంకెల వరస, అంతే. రంగూ రూపూ ఏమీ ఉండవు. అందుకే దాన్ని ఏ కంప్యూటరయినా, ఏ కాలంలో అయినా చదవగలదు.

మరి ఆ పట్టికలో మన అఆలు ఎక్కడున్నాయి? లేవు. ఇంగ్లీషువాళ్ళకి సరిపడా గదులే కట్టారు. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ వంటి తెలుగు విద్యార్థులు దీనికో ఉపాయం కట్టారు. ఉన్న ఇంగ్లీషు అక్షరాలతోనే, సందేహానికి తావు లేకుండా, తెలుగంతా రాసే పద్ధతి. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. పెద్ద ఎమ్ సున్న. అలా రాసిన ఫైలుని రిట్ అనే ప్రోగ్రాముకి ఇస్తే తెలుగు లిపిలో పేజీ తయారయ్యేది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇంటర్నెట్ చర్చల్లో వాదించుకున్నదీ, పద్యాలు అప్పజెప్పుకున్నదీ ఈ రాతలోనే. బహ్రెయిన్‌కి ఇంటర్నెట్ వచ్చింది 1995లో. వచ్చాక నేనూ వాళ్ళని చూసే నేర్చుకున్నాను.

దీంతో ఒక తమాషా ఉంది. తాత అని రాయాలంటే చిన్న టీ, పెద్ద ఏ, చిన్న టీ, చిన్న ఏ. పొరపాటున నాలుగూ పెద్దవి కొట్టామనుకోండి, టాటా అవుతుంది. ఒక శుక్రవారం నేను తెర చూసుకోకుండా అరపేజీ కొట్టేశాను. తీరా రిట్‌కి ఇచ్చి చూస్తే అందులో మా ముత్తాతగారు పేరాకోసారి టాటా చెబుతున్నారు! నాన్నగారు చాలాసేపు నవ్వారు.

నవ్వారు గానీ ఆయనకి ఆ రాత నచ్చలేదు. "నలభయ్యేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, నా కథ నేనే చదువుకోలేకపోతే ఎలాగరా?" అన్నారు. న్యాయమైన మాటే. అందుకని 2001లో వచ్చే ముందు, తెరమీదే తెలుగు కనిపించే సాఫ్ట్‌వేరు ఒకటి కొన్నాను. కంప్యూటరు వెనక ప్రింటరు తగిలించే చోట ఒక తాళం బిళ్ళ పెడితేనే అది నడిచేది. నాన్నగారికి పరమానందం. కుర్చీ దగ్గరికి లాక్కుని నా అచ్చుతప్పులు దిద్దేవారు కూడా.

అప్పుడు మాకు తెలియని సంగతేమిటంటే, ఆ ఫైల్లో తెలుగు లేదు. ఆ రోజుల్లో చాలామంది చేసినట్టే వాళ్ళూ ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల గదులే తీసుకుని, వాటికి తెలుగు బొమ్మల ముసుగు వేశారు. ఫాంటు ఉన్నంతసేపూ ముసుగు కనిపిస్తుంది, అది పోతే లోపలి గుర్తులు బయటపడతాయి. పైగా ఎవరి ముసుగు వాళ్ళదే. ఒక కంపెనీ క పెట్టిన గదిలో ఇంకో కంపెనీ ళ పెట్టుకుంది. నా తాళం బిళ్ళ తగిలించే రంధ్రం ఇప్పటి కంప్యూటర్లకి లేనే లేదు, ఫాంటు ఉన్న పాత డిస్కు ఏనాడో చచ్చిపోయింది.

నిజానికి అప్పటికే తెలుగుకి సొంత గదులు వచ్చాయి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే మన లిపి ఉంది. కానీ పట్టికలో చోటు దొరకడం వేరు, ఇంట్లో కంప్యూటరు దాన్ని చూపించడం వేరు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది 2001లో. మేము ఆ ఏడాదే తప్పు సరుకు కొన్నాం.

మొదటి సగానికి ఏ కష్టమూ పడలేదు. వీవెన్ 2006లో పెట్టిన లేఖిని ఆర్‌టీఎస్ రాతనే తీసుకుంటుంది. ఒక పక్క అతికిస్తే రెండో పక్క యూనికోడ్ తెలుగు వచ్చేసింది.

రెండో సగానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. రాజమండ్రిలో మా తమ్ముడి దగ్గర 2001లో అచ్చు తీసి పంపిన మూడు పేజీలు దొరికాయి. వాటిని పక్కన పెట్టుకుని, ఫైల్లో ఈ గుర్తుంటే కాగితం మీద ఈ అక్షరముంది అని ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. ఎడమ వైపు గుర్తు, కుడి వైపు తెలుగు ముక్క, వరసకి ఒకటి. ఇదీ ఉత్త నోట్‌ప్యాడు ఫైలే. తర్వాత పని సెడ్ అనే పనిముట్టుది. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ సరంజామాలోది. ఫలానా గుర్తు కనబడితే ఫలానాది పెట్టు అని జాబితా ఇస్తే వందల పేజీలయినా రెప్పపాటులో చేస్తుంది. దాని తోబుట్టువు గ్రెప్, ఫలానా గుర్తున్న వరసలన్నీ వెతికి చూపిస్తుంది. ఈ రెంటికీ డబ్బూ తాళం బిళ్ళా అక్కర్లేదు.

మొదటి దెబ్బకి వచ్చింది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రభుత్వం అన్నచోటల్లా "ర్పభుత్వం". కారణం క్రారవడి. అది అక్షరం కింద నుంచి ఎడమ వైపుకి చుట్టుకుని ఉంటుంది కదా, ఆ ఫాంటులో దాన్ని అక్షరానికి ముందే కొట్టాలి. యూనికోడ్ కంటికి కనిపించే వరస చూడదు, నోటితో పలికే వరస చూస్తుంది: ముందు ప, తర్వాత పొల్లు, తర్వాత ర. దాని కోసం వరస మార్చే నియమం వేరే రాయాల్సి వచ్చింది. ఇంకా పెద్ద చిక్కు మ అక్షరం. ఆ మహానుభావులు వ పక్కన కొమ్ములాంటి తోక తగిలించి మ అనిపించారు. దాంతో వు ఏదో, మ ఏదో యంత్రానికి తెలియదు. అక్కడ నేను నాన్నగారి గొంతు గుర్తు చేసుకుంటూ వరస వరసా చదువుకోవడమే దారి.

మధ్యలో ఒక చిన్న సంగతి చెప్పాలి. అదే పెట్టెలో మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు చేసిన ఫైలు ఒకటి దొరికింది. సంక్రాంతికి ఫ్లాటు వరండా పలకల మీద ముగ్గు వెయ్యనివ్వరని వాళ్ళమ్మ బాధపడుతుంటే, అది నోట్‌ప్యాడులో ముగ్గు పెట్టింది. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా, సందు చుక్క:

```
   . . . .
  . . . . .
 . . . . . .
. . . . . . .
 . . . . . .
  . . . . .
   . . . .
```

చుక్కకీ చుక్కకీ మధ్య ఒక ఖాళీ ఇస్తే, కింది వరసని ఒక్క గడి జరిపితే చాలు, చుక్క సరిగ్గా సందులో పడుతుంది. ఎవరూ చెప్పకుండా అది ఎలా కనిపెట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇలా అక్షరాలతో బొమ్మలు వెయ్యడాన్ని ఆస్కీ చిత్రకళ అంటారు. కంప్యూటర్ల కన్నా పాతదే. 1898లోనే ఫ్లోరా స్టేసీ అనే ఆవిడ టైప్‌రైటరు మీద సీతాకోకచిలుక బొమ్మ కొట్టింది. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్‌లో స్కాట్ ఫాల్‌మన్ హాస్యానికి గుర్తుగా ఒక కోలన్, ఒక గీత, ఒక కుండలీకరణం పెట్టమన్నారు. ఈనాటి నవ్వు మొహాలకి అదే తాత. ఒక్కటే షరతు: అన్ని అక్షరాలకీ ఒకే వెడల్పు ఉన్న కొరియర్ వంటి ఫాంటు కావాలి. లేకపోతే ముగ్గు వంకర పోతుంది. ఈ సంచికలో పైన చుక్కలు వంకరగా పడి ఉంటే మా అమ్మాయి తప్పు కాదని మనవి. తెలుగు అక్షరాలతో ఈ బొమ్మలు కుదరవు, క ఒక వెడల్పు, క్ష్మ్యా ఒక వెడల్పు.

ఇప్పుడు మన ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో కట్టారు. అందులో పాత ఆస్కీ అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, మన అక్షరానికి మాత్రం మూడేసి బైట్లు. జాగా మూడింతలు పోతే పోయింది, ముసుగు లేదు. తెలుగునాట డీటీపీ దుకాణాల్లో ఇంకా చాలాచోట్ల పాత ఫాంట్లే నడుస్తున్నాయి. పుస్తకం వేయించుకునేవాళ్ళు పీడీఎఫ్ ఇచ్చారు కదా అని సంతోషించకండి. అందులోంచి ఒక వాక్యం తీసి నోట్‌ప్యాడులో అతికించి చూడండి. తెలుగు వస్తే సరే, కొమ్ముల అక్షరాలు వస్తే యూనికోడ్ ప్రతి వేరే అడిగి తీసుకోండి.

మా నాన్నగారి కథ ఇప్పుడు రెండు సగాలూ కలిసి ఒకే ఫైలుగా ఉంది. టొరొంటోకి పంపాను, తమ్ముడికీ పంపాను. ఒక్క లోటు ఉండిపోయింది. మా నాయనమ్మ అమ్మిన చేను పేరు రెండో సగంలో ఒకే ఒక్కచోట వస్తుంది. అందులో మొదటి అక్షరం ఫైలు మొత్తంలో ఇంకెక్కడా లేదు, అచ్చు కాగితాల్లోనూ లేదు. గ్రెప్‌తో వెతికితే ఆ ఒక్క వరసే చూపిస్తుంది. ఝ కావచ్చు, ఱ కావచ్చు. టైపు చేసింది నేనే, ఆయన నోటితో చెబితే విని కొట్టింది నేనే, గుర్తు లేదు. ప్రస్తుతానికి అక్కడ ఒక చుక్క పెట్టాను.

ఊళ్ళో తొంభై దాటిన మా బాబాయిగారున్నారు. మొన్న ఫోన్ చేసి అడిగాను. చెవి సరిగ్గా వినపడదు, మూడుసార్లు అరిచి చెప్పాను. అంతా విని, "ఏ చేనురా అబ్బాయ్? మీ నాన్న చదువుకి మా అమ్మ రెండు చేలు అమ్మింది కదా" అన్నారు.