మాస్కు పట్టీలకు బిగువు కాదు, పొందిక ముఖ్యం

నిద్రలో గొంతు కండరాలు సడలి, శ్వాసమార్గం మాటిమాటికీ మూసుకొనిపోయే వ్యాధిని స్లీప్ అప్నియా అంటారు. పెద్ద గురక, ఊపిరాడక ఉలికిపడి లేవడం, పగటిపూట ఆపుకోలేని మగత దీని ముఖ్య లక్షణాలు. యంత్రాల వద్ద పనిచేసేవారికి, వాహనాలు నడిపేవారికి ఈ మగత ప్రాణాపాయకరం.

1980లో సిడ్నీ నగరంలో డాక్టర్ కొలిన్ సల్లివాన్ దీనికి సీపాప్ చికిత్సను ప్రారంభించి, 1981లో ఫలితాలను ప్రకటించారు. యంత్రం పంపే గాలి పీడనం మాస్కు ద్వారా ప్రవేశించి, శ్వాసమార్గాన్ని తెరచి ఉంచుతుంది. అయితే మాస్కు సరిగా అమరకపోతే ఎంత మంచి యంత్రమైనా నిష్ప్రయోజనమే. ఆ ఇబ్బంది భరించలేక చికిత్సనే మానివేసేవారు ఎందరో ఉన్నారు.

గాలి కారుతున్నదని పట్టీలను మరింత బిగించడం తగదు. మాస్కు అంచుననుండే మెత్తని కుషను గాలితో ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. అతిగా బిగిస్తే అది అణగి ముడుతపడుతుంది. గాలి మరింత కారుతుంది. ముక్కు దూలంపై చర్మం ఒరుసుకొని పుండ్లు పడతాయి.

పట్టీలను కూర్చుని కాక, దిండుపై పడుకొని సరిచేసుకోవాలి. ముందుగా వాటిని వదులు చేసి మాస్కు ధరించి, యంత్రాన్ని నడపాలి. మాస్కును ముఖం నుండి కొద్దిగా ఎత్తి మరల ఆనించితే కుషను సర్దుకుంటుంది. పిమ్మట రెండు వైపుల పట్టీలను సమానంగా, కొద్దికొద్దిగా, గాలి కారడం ఆగేవరకు మాత్రమే బిగించాలి. ఇరుప్రక్కలకు ఒత్తిగిలి మరల పరీక్షించుకోవాలి. కారే గాలి చప్పుడు ప్రక్కనున్నవారికే ముందుగా వినబడుతుంది గనుక కుటుంబసభ్యుల సహకారం ఎంతో అవసరం. ఉదయం ముఖంపై ఎర్రని గుర్తులు చాలాసేపు నిలిచి ఉంటే బిగువు తగ్గించాలి. అప్పటికీ మానకపోతే మాస్కు పరిమాణమే సరిపోలేదేమో చూపించుకోవాలి.

కోల్‌కతాలోని భవానీపూర్ వంటి ఉక్కపోత ప్రాంతాలలో నివసించే మన ఉద్యోగులు మరొక విషయం గమనించాలి. చెమట, జిడ్డు వలన కుషను జారుతుంది. పడుకొనబోయే ముందు ముఖం కడుక్కోవాలి. కుషనును ప్రతిదినం, పట్టీలను వారానికొకసారి గోరువెచ్చని సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. వర్షాకాలంలో పట్టీలు ఆలస్యంగా ఆరుతాయి గనుక ఉదయమే కడగడం మేలు. సాగి పట్టు తప్పిన పట్టీలను బిగించి ప్రయోజనం లేదు, మార్చవలసిందే.

భవానీపూర్‌లోని ఎస్.ఎస్.కె.ఎం. ప్రభుత్వ ఆసుపత్రిలో శ్వాసకోశ, చెవి-ముక్కు-గొంతు విభాగాలున్నాయి. గాలి పీడనాన్ని మాత్రం వైద్యుల సలహా లేకుండా మార్చరాదు. పగటివేళ కొద్దిసేపు మాస్కు ధరించి అలవాటు చేసుకుంటే రాత్రి నిద్ర సుఖప్రదమవుతుంది. విధి నిర్వహణలో మెలకువ నిలుస్తుంది.