పాత గుహలకు కొత్త లెక్కలు

నిరుడు మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన వెళ్ళేముందు నా చేతిలో ఓ పల్చటి పుస్తకం పెట్టాడు. అట్ట చివర్లు నలిగిపోయి, లోపల పెన్సిల్ గీతలతో ఉంది. పేరు 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్'. గ్యారీ గైగాక్స్ రాసిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' సాహసం. 1979లో మొదట వచ్చింది. ఈయన దగ్గరున్నది 1981 నాటి పెట్టెలో వచ్చిన ప్రతి. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య నడిపిస్తే ఈయన ఆడేవాడట. అన్నయ్య ఇప్పుడు లేడు. "మా మనవడికి పదకొండేళ్ళు. వాడితో కలిసి ఇది ఒక్కసారి ఆడాలి. వాడికి కొత్త రూల్సే తెలుసు. నువ్వు మార్చి నడిపిస్తావా?" అని అడిగాడు. పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి డేటా మార్చడమే నా ఉద్యోగం కదా, ఇదెంత పని అనుకున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మన వైకుంఠపాళీలో పాచిక ఎంత చెబితే అంతే, మనం చేసేదేమీ లేదు. ఇక్కడ ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్రగా ఏం చేస్తారో చెబుతారు. ఫలితం తేలనప్పుడే పాచికలు వేస్తారు. 1974లో మొదలైన ఈ ఆటకి నియమాలు చాలాసార్లు మారాయి. 2000లో మూడో కూర్పు, 2008లో నాలుగు, 2014లో అయిదు, 2024లో దానికి సవరణ వచ్చాయి. కథ అదే అయినా ఒక కూర్పుకి రాసిన సాహసం ఇంకో కూర్పులో నేరుగా నడవదు.

ముందు సులువైన సంగతి చూద్దాం. ఎదుటివాడిని కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకెను ఆర్మర్ క్లాస్ అంటారు. 1981 నియమాల్లో అది తలకిందులు: ఒంటిమీద కవచం లేకపోతే 9, నిండు కవచం, డాలు ఉంటే 2. తక్కువైతే మేలన్నమాట. 2000 నుంచి ఎక్కువైతే మేలు, కవచం లేకపోతే 10. కాబట్టి 19 లోంచి పాత అంకె తీసేస్తే కొత్తది వస్తుంది. పాత గోబ్లిన్‌కి 6, కొత్త లెక్కలో 13. పాత పట్టికలో చూసినా, మొదటి స్థాయి ఆటగాడు 6ని తగలాలంటే ఇరవై ముఖాల పాచిక మీద 13 పడాలి. సమీకరణం సరిగ్గా సరిపోయింది. ఒక స్ప్రెడ్‌షీట్ రాసి, గుహల్లోని ప్రాణులన్నింటినీ ఒక్క సాయంత్రంలో మార్చేశాను.

అక్కడే మొదటి తప్పు దొర్లింది. అయిదో కూర్పులో మొదటి స్థాయి యోధుడు పాచిక మీద పడినదానికి మామూలుగా 5 కలుపుకుంటాడు. అంటే 8 పడితేనే నా 13 గోబ్లిన్‌కి తగిలేస్తుంది. అందుకే 2014 పుస్తకంలో గోబ్లిన్‌కి 15 ఇచ్చారు. దాని ప్రాణశక్తి కూడా 3 కాదు, 7. అంకెను అనువదించామంటే దాని విలువ కూడా వచ్చేసినట్టు కాదు. కొత్త పుస్తకంలో అదే ప్రాణి ఉంటే దాన్నే తీసుకోవడం ఉత్తమం.

సరే, అవీ సరిచేశాను. ఓ శనివారం పెద్దాయన, మనవడు, ఇంకో ముగ్గురు కూర్చున్నారు. మూడు గంటలపాటు ఒకటే కొట్లాట. ఒక్కొక్క గోబ్లిన్ చచ్చేదాకా పోరాడింది. పిల్లాడు ఆవలించాడు. చివరికి అందరి పాత్రలూ గుహలోనే పోయాయి. వెళ్తూ పెద్దాయన ఒక్కమాటే అన్నాడు: "మా చిన్నప్పుడు గోబ్లిన్లు పారిపోయేవి."

ఆ రాత్రి పుస్తకం మళ్ళీ తీశాను. ప్రతి ప్రాణి పక్కనా 'ఎంఎల్' అని ఒక అంకె ఉంది. అంటే మొరేల్, ధైర్యం. మొదటి చావు పడినప్పుడు, మళ్ళీ సగంమంది పోయినప్పుడు రెండు పాచికలు వేయాలి. మొత్తం ఆ అంకెను మించితే అవి పారిపోవడమో, లొంగిపోవడమో చేస్తాయి. గోబ్లిన్లకి 7. నాయకుడు దగ్గర లేకపోతే, వేసిన ప్రతిసారీ పారిపోయే అవకాశం 36లో 15. కొత్త గణాంకాల్లో ఈ అంకెకి గడి లేదు కాబట్టి నా స్ప్రెడ్‌షీట్‌లో ఆ కాలమ్‌ని తీసిపారేశాను.

మా వృత్తిలో ఇది పాత పాపమే. ఒక క్లయింట్ దగ్గర చిరునామా రెండో వరసలో గుమస్తాలు "ఫోన్ చెయ్యొద్దు" లాంటివి రాసుకునేవారు. మేము చెత్త అనుకుని శుభ్రం చేశాం. ఆ తర్వాత చెయ్యకూడనివాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి. గడి లేని డేటా అంటే పనికిరాని డేటా అని కాదు.

ఇంకొకటి కూడా జారిపోయింది. పాత నియమాల్లో యోధుడు రెండో స్థాయికి ఎక్కడానికి 2000 అనుభవ పాయింట్లు కావాలి. ఒక గోబ్లిన్‌ని చంపితే వచ్చేవి 5. తెచ్చుకున్న బంగారం మాత్రం నాణేనికి ఒక పాయింటు. 400 గోబ్లిన్లని చంపే పిచ్చివాడెవడు? దొంగచాటుగా వెళ్ళి, బేరమాడి, సొమ్ము పట్టుకుని బయటపడడమే తెలివి. 2014 నియమాల్లో రెండో స్థాయికి 300 చాలు, ఒక గోబ్లిన్‌కి 50. అంటే ఆరుగురిని చంపితే పని అయిపోయింది. పిల్లలు కనబడినవాడినల్లా కొట్టారంటే తప్పు వాళ్ళది కాదు. పైగా ఈ సాహసం ఆరు నుంచి తొమ్మిది మంది ఆటగాళ్ళకి రాసినది, మావాళ్ళు అయిదుగురు.

ఆపద తప్పించుకునే పాచికల సంగతీ అంతే. పాతవి అయిదు రకాలు, వచ్చిన ఆపదను బట్టి పేర్లు: విషం, ఊపిరి మంట, మంత్రదండం, ఇలా. కొత్తవి ఆరు, తట్టుకునే మనిషి గుణాన్ని బట్టి. విషమంటే దేహదారుఢ్యం, మంటలంటే చురుకుదనం అని చెప్పేయొచ్చు. మంత్రదండమంటే? అది ఏ దండమో చదివి, ఒక్కొక్కదానికి మనమే నిర్ణయించాలి. ఇక్కడ సూత్రం పనిచేయదు.

రెండోసారి స్ప్రెడ్‌షీట్ పక్కనపెట్టి, ఒక్కో గుహ దగ్గర ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఈ నియమం ఆటగాడిచేత ఏం చేయించాలని పెట్టారు? ధైర్యపు అంకెను ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చాను. స్థాయి పెరగడం చంపినదానికి కాకుండా తెచ్చిన సొమ్ముకి ముడిపెట్టాను. గుంపుల్లో తలలు తగ్గించాను.

2018లో గుడ్‌మన్ గేమ్స్ ఈ సాహసాన్ని అయిదో కూర్పుకి మార్చి పుస్తకంగా వేసింది. అది కొనుక్కోవచ్చు. కానీ పెద్దాయనకి కావలసినది ఆ పెన్సిల్ గీతలున్న ప్రతి. అవి వాళ్ళన్నయ్య గీసినవి.

రెండో ఆటలో గోబ్లిన్లు పుస్తకంలో ఉన్నట్టే పక్కగదిలోని ఓగర్ అనే రాకాసికి 250 బంగారు నాణేల సంచీ విసిరి సాయం పిలిచాయి. మనవడు కత్తి దించి, "మేము మూడొందలిస్తాం, వెళ్ళిపో" అన్నాడు. పెద్దాయన పుస్తకం తిప్పి ఒక పేజీ అంచున వెలిసిపోయిన పెన్సిల్ అంకె చూపించాడు: 300. నలభై ఏళ్ళ కిందట ఆయన కూడా అదే బేరం ఆడాడట.