కిలోకు గ్రాము బంగారం

గడచిన షాబాన్ నెల చివరి జుమా నాడు, నమాజు ముగిశాక, ఒకప్పుడు మా వద్ద చదువుకున్న యువకుడొకడు వచ్చి సలాం చేసి కూర్చున్నాడు. తండ్రికి చక్కెర వ్యాధి. ఇతడి బరువేమో ముప్పై ఏళ్లు నిండకముందే నూరు కిలోలు దాటింది.

“హజ్రత్, మేము ఎనిమిదిమంది స్నేహితులం తలా వెయ్యి రూపాయలు వేసుకున్నాము. రమజాన్ ముగిసేసరికి ఎవరు ఎక్కువ తగ్గితే మొత్తం వారిదే. ఆరోగ్యం కోసమే కదా, తప్పు లేదు కదా?” అన్నాడు. దుబాయిలో ప్రభుత్వమే ఇలాంటిది జరిపిందని అక్కడ పనిచేసే అన్న చెప్పాడట.

ఆ మాట నిజమే. 2013 రమజాన్‌లో దుబాయి మునిసిపాలిటీ, నెల రోజులలో కనీసం 2 కిలోలు తగ్గినవారికి కిలోకు ఒక గ్రాము చొప్పున బంగారం ఇస్తామని ప్రకటించింది. స్థూలకాయం, చక్కెర వ్యాధి అక్కడ ప్రబలడమే కారణం. మరుసటి ఏడు పిల్లలను కూడా చేర్చుకున్నారు.

కాని ఆ రెండూ ఒకటి కావు. దుబాయిలో తూకానికి వచ్చినవారు జేబులోంచి ఏమీ పణంగా పెట్టలేదు. తగ్గితే బంగారం, లేకుంటే నష్టం లేదు. ఫలానా పని చేసినవారికి ఇంత ఇస్తామని ముందే ప్రకటించి ఇవ్వడాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు ‘జుఆలా’ అంటాయి. రాజుగారి పాత్రను తెచ్చినవారికి ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామన్న ప్రకటన సూరా యూసుఫ్‌లో ఉంది. చాలామంది ఉలమాలు దానినే ఆధారంగా చూపుతారు. ఈ యువకుల పందెంలోనో, ఏడుగురు పోగొట్టుకుంటేనే ఒకరికి లాభం. అది ఖిమార్, అనగా జూదం. ఆరోగ్యమని పేరు పెట్టినంత మాత్రాన హలాల్ కాదు.

పైగా వారిలో ఒకడు గెలుపు కోసం సహరీ మానాలని నిశ్చయించుకున్నాడట! సహరీలో శుభముందని దైవప్రవక్త (స) బోధించారు. అల్లాహ్ కొరకు ఉండవలసిన ఉపవాసం కాటా కొరకు అయిపోతే ఇక మిగిలేదేమిటి? (ఇఫ్తార్ వేళ హలీం గిన్నె ముందు మా చెయ్యీ ఆగదు. కాబట్టి ఈ మాట మాకు కూడా వర్తిస్తుంది.)

డబ్బు ఆశ పనిచేయదని మేము అనము. 2008లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 57 మంది పాల్గొన్నారు. 16 వారాలలో, డబ్బు ఆశ చూపినవారు సగటున 6 కిలోలు తగ్గగా, చూపనివారు 2 కిలోలైనా తగ్గలేదు. అయితే ఏడు నెలలు గడిచేసరికి తగ్గిన బరువులో గణనీయమైన భాగం తిరిగి వచ్చింది.

అందుకే ఆ యువకుడికి రెండు మాటలు చెప్పాము. ఎవరి వెయ్యి వారికి తిరిగి ఇచ్చివేయాలి. పందెంలో లేని పెద్దలెవరైనా బహుమతి ఇవ్వదలిస్తే, సగం రమజాన్ పండుగకు, మిగతా సగం బక్రీదుకు మళ్లీ తూచిన తరువాతే ఇవ్వాలి. అతని తండ్రి తగ్గిన ప్రతి కిలోకు అయిదు వందలు ఇస్తానని ఒప్పుకున్నాడు. ఆరుగురు వెంటనే డబ్బు తీసుకున్నారు. అందరికన్నా లావైన ఇద్దరు మాత్రం గొణిగారట, గెలుపు తమదేనని వారి నమ్మకం. చివరకు వారూ తీసుకున్నారు.

మొదటి తూకం మసీదు వెనుక కిరాణా కొట్టులో, బియ్యం మూటలు తూచే కాటా మీద జరిగింది.