ఇంటూ గుర్తు దగ్గర ఆగిన లాయరమ్మ

పిల్లలూ! మన మార్కాపురం పలకలను మీరు చూసే ఉంటారు. ఇక్కడి గనులలో తవ్వి తీసిన పలకరాతిని పలుచగా చీల్చి, చట్రం బిగించి, దూరదూరపు బడులకు పంపేవారు. ఎందరో పిల్లలు తమ పేరును మొట్టమొదట రాసుకున్నది ఆ పలకల మీదనే. తన పేరు తాను రాయగలగడం, ఎదుట పెట్టిన కాగితాన్ని చదవగలగడం ఎంత పెద్ద విద్యలో తెలుసునా? అది తెలిపే డిటెక్టివు కథ ఒకటి చెబుతాను, వినండి.

డిటెక్టివు అనగానే మీ తాతయ్యకు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ గుర్తుకు రావచ్చు. నేను చెప్పబోయే డిటెక్టివు మాత్రం ఒక లాయరు, అందులోనూ ఆడమనిషి. పేరు పర్వీన్ మిస్త్రీ. 1921వ సంవత్సరంలో, బొంబాయిలో, తండ్రి లాయరాఫీసులో పనిచేసే పార్సీ యువతి. అమెరికాలో ఉంటున్న సుజాతా మాసీ అనే రచయిత్రి ఈ పాత్రను ఇంగ్లీషు నవలల కోసం కల్పించారు. వాటిలో మొదటిదైన ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ 2018లో వెలువడింది.

ధనికుడైన ఒక ముస్లిం మిల్లు యజమాని చనిపోయాడు. అతనికి ముగ్గురు భార్యలు. వారు ఘోషాలో ఉండేవారు. అంటే పరాయి మగవారి కంట పడరన్నమాట. తమకు రావలసిన ఆస్తినంతా ధర్మకార్యాలకు ఇచ్చివేస్తున్నామని వారి పేరిట కాగితాలు లాయరాఫీసుకు వచ్చాయి.

పర్వీన్ వాటిని తిరగవేస్తూ ఒకచోట ఆగిపోయింది. ఒక భార్య సంతకం చేయవలసిన చోట ఒట్టి ఇంటూ గుర్తు ఉన్నది! సంతకం చేయడమే రాని మనిషి, ఈ కాగితాన్ని చదివి ఉంటుందా? ఉన్నదంతా ఇచ్చేస్తే రేపటినుంచి వారు బ్రతికేదెట్లా?

మగ లాయర్లు ఎంత గొప్పవారైనా ఆ ఘోషాలోకి అడుగుపెట్టలేరు. పర్వీన్ వెళ్ళగలదు. వెళ్ళి, ఆ ఆడవాళ్ళతో మాట్లాడింది. అంతలో ఆ ఇంట్లో ఒక హత్య జరిగింది. హంతకుడెవరో నేను చెప్పను. అది పెద్దవాళ్ళు చదవవలసిన నవల. ఎప్పుడైనా వారిచేతనే చెప్పించుకోండి.

ఇదంతా కట్టుకథేనా అంటే, పూర్తిగా కాదు. పర్వీన్ వంటి లాయరమ్మలు నిజంగానే ఉన్నారు. వారిలో ఒకరు కార్నీలియా సొరాబ్జీ. ఆమె 1866లో నాసిక్‌లో పుట్టింది. ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చదివి, 1892లో పరీక్ష ఇచ్చింది. అట్లా ఆ పరీక్ష ఇచ్చిన మొదటి స్త్రీ ఆమే! కాని అప్పట్లో అక్కడ ఆడవారికి పట్టా ఇచ్చేవారు కాదు. ఆమె చేతికి పట్టా వచ్చింది 1922లో, అంటే 30 సంవత్సరాల తరువాత!

ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1904 నుంచి బెంగాల్‌లో సర్కారు తరపున, ఘోషాలో ఉన్న స్త్రీలకు, వారి పిల్లలకు న్యాయ సలహాదారుగా పనిచేసింది. ఆడవారు లాయర్లు కావడానికి అడ్డు తొలగిస్తూ 1923లో చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆమె కలకత్తాలో న్యాయవాదిగా నమోదైంది.

ఇప్పుడు నేను కళ్ళారా చూసిన సంగతి. గిద్దలూరు వైపు ఒక పల్లెబడిలో పనిచేస్తున్న రోజులవి. ఆరవ తరగతి పిల్ల ఒకతె ఒకనాటి సాయంకాలం పరుగెత్తుకుంటూ వచ్చింది.

“సార్, క్రయం అంటే ఏమిటి?” అన్నది.

“అమ్మకం. ఏ పాఠంలో ఉన్నదమ్మా?” అన్నాను.

“పాఠంలో కాదు సార్. అవ్వ వేలిముద్ర వెయ్యాల్సిన కాగితంలో ఉంది. చేను తనఖా పెట్టి అప్పు తీసుకుంటాండామని అవ్వ చెప్పింది. కాగితంలో తనఖా అనే మాటే లేదు!”

తనఖా అయితే, అప్పు తీరగానే చేను మనదే. క్రయమైతే చేను పోయినట్లే. నేను గబగబా ఆ పిల్ల వెంట వెళ్ళాను. అవ్వ బొటనవేలికి అప్పటికే సిరా పూసి ఉన్నది. మనుమరాలు పోయి అవ్వ చెయ్యి పట్టుకున్నది. కాగితం తెచ్చిన పెద్దమనిషి, “ఏదో రాతలో పొరపాటు” అని గొణిగి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చేను నిలిచింది.

ఆ పిల్ల ఏ డిటెక్టివు నవలా చదివి ఉండదు. పర్వీన్ ఇంటూ గుర్తు దగ్గర ఆగినట్లే, తనకు అర్థంకాని మాట దగ్గర ఆగింది. తెలియలేదని సిగ్గుపడక అడిగింది. అంతే!

మీ ఇంటికి కూడా ఏవో కాగితాలు వస్తూనే ఉంటాయి గదా. ఈసారి వచ్చినప్పుడు మీ అవ్వ పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి వినిపించండి. తెలియని మాట వస్తే ఆగండి. అడగండి. వేలిముద్ర సంగతి ఆ తరువాత.