బ్యాటరీ పేలినవేళ: అపోహలు – వాస్తవములు

మాఘశుద్ధ సప్తమికి ముందునాటి అర్ధరాత్రి మొదలుకొని అరసవల్లి త్రోవలన్నియు జనముతోడను వాహనములతోడను నిండిపోవును. కంటిజబ్బులను, చర్మరోగములను సూర్యనారాయణస్వామి పోగొట్టునని నమ్మి ఇటు విశాఖనుండియు అటు ఒడిశానుండియు వచ్చిన కుటుంబములు, కార్లను దారిప్రక్కన నిలిపి, ఇంజిను ఆపియు లోపలి దీపములను పాటలను ఆపుట మరచి, దర్శనపు వరుసలో తెల్లవార్చి, మరలివచ్చి తాళము త్రిప్పునప్పటికి బ్యాటరీ దిగిపోయి యుండుట పండుగ పండుగకు కనబడునదే. ప్రమాదము పుట్టునది ఆ తరువాతి తొందరలో. ఏ కన్నులకై, ఏ చర్మమునకై ఇంతదూరము వచ్చి మ్రొక్కుకొందురో, ఆ ప్రమాదము గాయపరచునది సరిగా వానినే.

కొన్నేండ్ల క్రిందట ఒక ఆదివారము ఉదయమున గుడికి రెండు వీథుల దూరములో నేను కన్నులార చూచిన సంగతి యిది. అద్దెకారు డ్రైవరొకడు ప్రక్కకారునుండి జంపర్ కేబుళ్లు లాగి తన బ్యాటరీకి తగిలించుచుండెను. కడపటి క్లిప్పు తగిలినంతనే ఒక మెరుపు, తుపాకి పేలినట్టి చప్పుడు. బ్యాటరీ పైకప్పు తునకలై ఎగిరిపోయెను, ఆసిడు వాని మొగమున చిందెను. కిళ్లీకొట్టునుండి ఒకాయన సున్నపుడబ్బీతో పరుగెత్తివచ్చి, "కూసింత సున్నం రాసీండి బావూ, మంట తగ్గిపోతాది" అని కేకవేయుచుండగానే, కొబ్బరికాయలమ్ము ముసలమ్మ యొకతె ఆ మాట చెవిని బెట్టక, బకెట్టు నీటిని వాని మొగముపై కుమ్మరించి మరల కుళాయికై పరుగెత్తినది. వాని చూపు దక్కినది.

ఆ దినమున అక్కడ చేరిన పదిమందియు "ఆసిడు పేలినది" అనియే చెప్పుకొనిరి. ఇది మొదటి అపోహ. బ్యాటరీలోని ఆసిడు, అనగా గంధకికామ్లము, తనంత తాను మండదు, పేలదు. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే నేటికిని మన పెట్రోలు, డీజిలు కార్లలో ఇంజినును లేపుచున్నది. అందలి సీసపు పలకలు నీటితో పలుచనచేసిన ఆమ్లములో మునిగియుండును. ఛార్జింగు నిండుకొలదియు, మరి ముఖ్యముగా మితిమీరినప్పుడు, ఆ ద్రవములోని నీరు విడిపోయి హైడ్రోజనుగను ఆక్సిజనుగను పైకి బుడగలెత్తును. గాలిలో హైడ్రోజను నూటికి 4 పాళ్లనుండి 75 పాళ్లవరకు ఎంతయున్నను పేలగలదు. దానిని ముట్టించుటకు కంటికి కానరానంత చిన్న నిప్పురవ్వ చాలును. అది సిగరెట్టు కావచ్చును, రెండు ధ్రువములకు అడ్డముపడిన స్పానరు కావచ్చును, కడపటి క్లిప్పు తగిలించునప్పటి మెరుపు కావచ్చును. నీరు తరిగి పలకలు బయటపడిన పాత బ్యాటరీలో లోపలి అతుకు వదులై, ఎవరును చేయివేయకయే, తాళము త్రిప్పిన క్షణముననే రవ్వ పుట్టవచ్చును. క్లిప్పు మెరుపు ఆ వాయువునకు అంటకుండుటకే కడపటి నల్లక్లిప్పును దిగిపోయిన బ్యాటరీకి గాక, దానికి దూరముగా ఇంజినుయొక్క రంగు పూయని ఇనుపభాగమునకు తగిలింపవలెనని చెప్పుదురు. వాహనపూజ చేయించువారికి ఒక మనవి: బానెట్టు ఎత్తియున్నప్పుడు కర్పూరహారతిని దాని చెంతకు తేనీయకుడు.

"మాది సీల్డు బ్యాటరీ, దానికి భయము లేదు" అనువారు పెక్కండ్రు. సీలు వేసినదానికిని వాయువు వెలువడుటకు సన్నని రంధ్రములో కవాటములో ఉండకతప్పదు. అవి మూసుకొనిపోయినచో ముప్పు హెచ్చును. పైగా నీరు పోయుటకు మూతలు లేనివానిలో తరిగిన నీరు తరిగినట్లే యుండిపోవును. "12 వోల్టులే కదా" అనుమాటయు ఇట్టిదే. ఆ వోల్టులకు షాకు కొట్టదు, నిజమే. కాని ధ్రువముల నడుమ చిక్కిన ఉంగరమో కడియమో గుండా వందల ఆంపియరుల విద్యుత్తు పారి, లోహము ఎఱ్ఱగా కాలును.

ఇక సున్నపుమాట. ఆమ్లమునకు క్షారము విరుగుడు గదా యని పైకి సబబుగా తోచుటచేతనే ఈ అపోహ యింతకాలము బ్రతికినది. సున్నము తానే కంటిని కాల్చు క్షారము. ఆమ్లముతో కలిసినప్పుడు వేడి పుట్టును. అప్పటికే కాలిన చర్మముపై ఆ వేడి రెండవ గాయము. వంటసోడా కూడ నేలకే గాని ఒంటికి తగదు. కంటిలో ఆముదము, చనుబాలు, నెయ్యి వేయుట ఆమ్లమును లోపలనే నిలుపును. చేయవలసినది ఒక్కటే: రెప్పలు విప్పి పట్టి, ధారగా పారు మంచినీటితో ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ కడుగుట, ఒక కంటి నీరు రెండవ కంటిలోనికి పారకుండ తలను ప్రక్కకు వంచుట, తడిసిన బట్టలను, కాంటాక్టు లెన్సులను తీసివేయుట. 108కి ఫోను చేయువారు చేయుచుండగనే నీరు ఆగరాదు. నొప్పి తగ్గినను కంటివైద్యునికి చూపింపవలెను.

పేలుడు ముగిసినపిమ్మట గుడ్డతో తుడిచివేసి "ఆరిపోయినది" అనుకొనుట మరియొక భ్రమ. గంధకికామ్లము నీటివలె ఆవిరికాదు. నీరు ఎగిరిపోయినకొలదియు మిగిలినది చిక్కనై మరింత కొరుకును. ఆ డ్రైవరు చొక్కా నాటి సాయంకాలము బాగుగనే యుండి, మరునాడు ఉతికినప్పుడు జల్లెడయైనది. కాబట్టి వాయువు తొలగుదాక బానెట్టు ఎత్తి కొంతసేపు వేచి, రబ్బరు చేజోళ్లు, కంటి అద్దములు ధరించి, నాలుగు లీటర్ల నీటికి అరకిలో చొప్పున వంటసోడా కలిపి, ఆసిడు చిందిన ప్రతిచోట మెల్లగా పోయవలెను. బుసబుస నురుగు వచ్చినంతకాలము ఆమ్లము మిగిలియున్నట్లే. సోడా పోసినను నురుగురాని స్థితికి వచ్చినపిదప నీటితో కడుగవచ్చును. తీగలను, బ్రేకు గొట్టములను మెకానిక్కు చూచువరకు ఇంజినును లేపరాదు. ఛార్జింగు వోల్టేజి మితిమీరుచున్నదేమో కూడ అతడే మీటరుతో చూడవలెను.

ఇవి సీసపు బ్యాటరీకి చెల్లునే గాని విద్యుత్ స్కూటర్ల లిథియం బ్యాటరీకి చెల్లవు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో స్కూటర్ల షోరూమున రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిలో 8 మందిని బలిగొన్నది. అట్టిచోట సోడాకై వెదకక, మనుష్యులను వెలికిదీసి 101కి ఫోను చేయవలెను.

పగిలిన సీసపు బ్యాటరీ ముక్కలను, ఇసుకతో పీల్చిన బురదను ప్లాస్టిక్ తొట్టిలో నుంచవలెను గాని ఇనుపబకెట్టులో నుంచరాదు, కాలువలోనికి తోయరాదు, అందు సీసమున్నది. 2022నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు వాడినవానిని ఇతర చెత్తతో కలుపరాదని చెప్పుచున్నవి. పగిలినదైనను సీసమునకు వెల యుండుటచేత, క్రొత్త బ్యాటరీ యమ్ము దుకాణమునకు తీసికొనిపోయి చూపినచో, దానిని అప్పగించుటకు త్రోవ దొరకును.