సముద్రం వైపు గది వద్దన్న అత్తయ్యగారు

"అన్నయ్య కార్డు మీద వెళ్తే స్వాగత పానీయం ఇస్తారు. నా కార్డు మీద వెళ్తే పెద్ద గది ఇస్తారు. వదినా, నువ్వే చెప్పు!"

మా మరిది ఈ మాట అన్నది అన్నాలు తింటూ. మావారు వెంటనే, "పెద్ద గది ఇస్తారని ఎక్కడ రాసుంది? ఖాళీ ఉంటే ఇస్తారని రాసుంది" అన్నారు. గోంగూర పచ్చడి గిన్నె ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. మావారు మందుల కంపెనీ పనిమీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతారు. మరిదిది రొయ్యల మేత వ్యాపారం. ఆయన తిరుగుడు ఇంకా ఎక్కువ. ఇద్దరి పర్సుల్లోనూ హోటళ్ళ సభ్యత్వ కార్డులు. మావారిది నోవోటెల్ నడిపే అకోర్ వాళ్ళది, మరిదిది రాడిసన్ వాళ్ళది. అందరం విశాఖ వెళ్ళి నాలుగు రోజులు సముద్రపు ఒడ్డున ఉండాలన్నది పిల్లల కోరిక. ఏ హోటల్లో దిగాలన్నది మగవాళ్ళ తగువు. అత్తయ్యగారు మాత్రం మజ్జిగ పోసుకుంటూ, "సముద్రం కనిపించని గది ఏదన్నా ఉంటే చూడండి" అన్నారు.

తగువు అక్కడితో ఆగిపోయింది.

అసలు ఈ కార్డుల సంగతేమిటో తెలియని చెల్లెళ్ళ కోసం చెబుతాను. కొత్త విద్యేం కాదు. వాడికగా వెళ్ళే కూరల మనిషి తూకం అయ్యాక రెండు పచ్చిమిరపకాయలు, ఒక రెబ్బ కరివేపాకు మన సంచీలో పడేస్తుంది చూడండి, ఆ కొసరే ఇది. కాకపోతే మన కూరలమనిషికి లెక్క మనసులో ఉంటుంది. హోటలు వాళ్ళది కంప్యూటర్లో ఉంటుంది. అమెరికాలో విమానాల కంపెనీలు మొదలుపెట్టిన పద్ధతి చూసి హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు 1983లో దీన్ని అందుకున్నాయి. మన హోటల్లో బస చేసిన ప్రతిసారీ కొన్ని పాయింట్లు ఇస్తాం, అవి పోగయ్యాక గది అద్దెలో తగ్గించుకోండి, ఎక్కువ రాత్రులు ఉన్నవాళ్ళకి మర్యాదలు కూడా ఎక్కువ చేస్తాం అని. చేరడానికి పైసా కట్టక్కర్లేదు. పేరూ, ఫోన్ నంబరూ ఇస్తే చాలు.

ఆ పేరు దగ్గరే నాకో అనుభవం ఉంది. ఈ రెండు హోటళ్ళూ కాదు, వేరే ఊళ్ళో వేరే హోటలు. పేరెందుకు లెండి. మావారి కార్డు మీద గది తీసుకున్నాం. తీరా బయల్దేరేముందు ఆయనకి సెలవు రద్దయింది. పిల్లల్నీ అత్తయ్యగారినీ తీసుకుని నేనే వెళ్ళాను. కౌంటరు దగ్గర అమ్మాయి నా ఆధార్ కార్డు చూసి, కంప్యూటరు చూసి, "సార్ ఎక్కడ మేడమ్?" అంది. సార్ రాలేదన్నాను. అయితే ఆలస్యంగా ఖాళీ చేసే వీలు లేదు, పాయింట్లూ రావు, ఆ మర్యాదలన్నీ సభ్యుడు స్వయంగా దిగితేనే అంది. ఆ పిల్ల తప్పేం లేదు, ఎక్కడైనా నియమం దాదాపు అదే. కానీ పాలవాడి దగ్గర్నించి బట్టలకొట్టు దాకా అన్ని ఖాతాలూ నడిపేదాన్ని నేనాయె, అక్కడ నిలబడితే నేనెవరో ఆ యంత్రానికి తెలియదు. ఆ రాత్రే పిల్లలు పడుకున్నాక ఫోన్లో నా పేరు మీద రెండు కంపెనీల్లోనూ చేరాను. ఈ వ్యాసంలో మీకు ఏదీ గుర్తులేకపోయినా ఈ ఒక్కటీ చెయ్యండి. మనం ఏ బిల్లు కట్టినా సభ్యత్వం ఆయన పేరు మీదే ఉండాలని ఎవరూ శాసనం రాయలేదు.

ఇక అత్తయ్యగారి మాటకి వస్తాను. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు వాళ్ళకి వివరం అక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం రాస్తున్నాను. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీద ఉప్పెన పడింది. పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు ఆవిడకి 26 ఏళ్ళు, చంకలో ఏడాది పిల్ల, మా ఆడపడుచు. కోడూరు దగ్గర పల్లెలో ఉండేవారు. ఊరంతటికీ ఉన్న ఒక్క డాబా మీద రాత్రంతా వానలో కూర్చున్నారట. ఇంట్లో ఐదుగురు ఉంటే తెల్లారేసరికి ముగ్గురు. ఇంతకన్నా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్తారు, సాగర సంగమంలో మునుగుతారు, వేణుగోపాలస్వామిని చూస్తారు. పొద్దుగూకక ముందే ఇంటికొచ్చేస్తారు. సముద్రం చెవిన పడేంత దగ్గర్లో రాత్రి పడుకోవడం మాత్రం ఆ రోజు నించీ లేదు.

మరి విశాఖ ఎందుకు వస్తానన్నారూ అంటే, మనవల కోసం. పిల్లలు లేకుండా నాలుగు రోజులు ఇంట్లో ఒక్కరే ఉండటం కన్నా సముద్రమే నయమనుకున్నారేమో.

చివరికి రెండు రాత్రులు ఒకచోట, రెండు రాత్రులు ఇంకోచోట అని రాజీ కుదిరింది. బందరు నించి విశాఖ రైల్లో బయల్దేరాం. రైల్లో మావారు మెల్లగా చెప్పారు, నోవోటెల్ వరుణ్ బీచ్‌లో 225 గదులుంటే 225 గదులూ సముద్రం వైపేనట! హోటలు వాళ్ళు గొప్పగా చెప్పుకునే మాట అదే. మాకు మాత్రం గుండె జారింది.

బీచ్ రోడ్డు మీద ఉంటుంది ఈ హోటలు. 2010లో తెరిచారు. రోడ్డు దాటితే సముద్రం. మావారిది అకోర్‌లో గోల్డు హోదా. ఏడాదికి 10 రాత్రులుంటే సిల్వర్, 30 రాత్రులకి గోల్డు, 60కి ప్లాటినం. గోల్డు వాళ్ళకి ఖాళీ ఉంటే ఇంకాస్త మంచి గది ఇస్తారు. మాకు ఇచ్చారు. బాగా పైన, ఇంకా ఎక్కువ సముద్రం కనిపించే గది! ఆయన గర్వంగా నావైపు చూశారు. నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, గోడంత అద్దాన్ని చూసి, "ఆ తెర వెయ్యమ్మాయ్" అన్నారు. వేశాను.

రాత్రి ఒంటిగంటకి నాకు మెలకువ వచ్చింది. తెర ఒక జానెడు తీసి ఉంది. ఆవిడ కుర్చీ అక్కడికి లాక్కుని కూర్చున్నారు. కింద రోడ్డు దీపాల వెలుగులో నురుగు గీతలు కనిపిస్తున్నాయి. అద్దం మూసి ఉంటే చప్పుడు లోపలికి రాదు.

"ఎన్నో అంతస్తు ఇది?" అన్నారు.

చెప్పాను.

"డాబా కంటే ఎత్తే" అన్నారు. కాసేపటికి లేచి వచ్చి పడుకున్నారు. తెర మాత్రం పూర్తిగా మూయలేదు.

మర్నాడు పిల్లల్ని ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్ళాం. నిజం జలాంతర్గామినే ఒడ్డుకి తెచ్చి 2002లో మ్యూజియం చేశారు. ఎదురుగా విమానం మ్యూజియం కూడా ఉంది. ఊరి మధ్య హోటలు కాబట్టి ఇవన్నీ దగ్గర. ఆటో ఎక్కితే బజారు. పిల్లలున్న వాళ్ళకి, నాలాగా ఒకరోజు చీరల కొట్టుకి కేటాయించుకునే వాళ్ళకి, ఇది పెద్ద సుఖం.

పాయింట్ల లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మావారు దాన్ని ఏదో బంగారంలా చెబుతారు. అకోర్‌లో 2000 పాయింట్లకి 40 యూరోల తగ్గింపు. ఇది స్థిరం, అర్థం చేసుకోవడం తేలిక. కొత్తగా చేరిన వాళ్ళకి నోవోటెల్ లాంటి చోట 10 యూరోల ఖర్చుకి 25 పాయింట్లు. అంటే 800 యూరోలు ఖర్చుపెడితే 40 యూరోలు వెనక్కి. యూరో వంద రూపాయలకి అటూ ఇటూగా లెక్కేస్తే 80 వేలకి 4 వేలు, నూటికి ఐదు. బందరులో నేను వాడికగా వెళ్ళే చీరల కొట్టాయన దసరాకి నూటికి పది తగ్గిస్తాడు, పైగా సోడా తెప్పిస్తాడు. ఆ మాటంటే మావారికి కోపం.

ఇంకో చిక్కుంది. అకోర్ ఖాతాలో 365 రోజులు ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి. ఉద్యోగస్తులకి ఇది లెక్కలోది కాదు. ఏడాదికోసారి పండక్కి వెళ్ళే మనకి ఉంది చిక్కంతా. దసరాకి వెళ్ళి మళ్ళీ దసరాకి వెళ్తే ఏడాదేగా అనుకుంటాం. కానీ 2022లో విజయదశమి అక్టోబరు 5న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడింది, పండగ అక్టోబరు 20 దాటి వచ్చింది. అలాంటి ఏడు 365 రోజులు దాటిపోతాయి! పంచాంగం చూసుకుని మరీ గది తీసుకోవాలన్నమాట. రాడిసన్‌లో ఈ గడువు 24 నెలలు. ఇంటిపట్టున ఉండేవాళ్ళకి ఆ తేడా చిన్నది కాదు.

మెట్ల సంగతిలో కూడా అంతే. రాడిసన్‌లో చేరగానే క్లబ్ హోదా. ఏడాదిలో 5 రాత్రులో, 3 బసలో అయితే ప్రీమియం. 30 రాత్రులో, 20 బసలో అయితే విఐపి. అయిదు రాత్రులంటే వేసవి సెలవుల్లో మూడు, పండక్కి రెండు. మన చేతికి అందే మెట్టే. అక్కడ పది రాత్రులు కావాలి మొదటి మర్యాదకి. ఏడాదికి పది రాత్రులు ఇల్లు వదిలి హోటల్లో ఉండే గృహిణి ఎవరైనా ఉంటే ఆవిడ అదృష్టానికి నా నమస్కారం.

మూడోరోజు సామాన్లు సర్దుకుని రాడిసన్ బ్లూ రిసార్టుకి వెళ్ళాం. ఇది ఋషికొండ వైపు, భీమిలి బీచ్ రోడ్డు మీద. ఊరి సందడి తగ్గిపోతుంది. ఋషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, ఒడ్డు శుభ్రత చూసి ఇచ్చేదది. పిల్లలు ఇసకలో ఆడుకోవడానికి ఈ వైపు బాగుంటుంది. బజారుకి వెళ్ళాలంటే మాత్రం కారు మాట్లాడుకోవాలి. భోజనం కూడా దాదాపుగా హోటల్లోనే అవుతుంది. అందుకని గది తీసుకునేటప్పుడే పొద్దుటి టిఫిను కలిపిన ధర చూసుకోండి. ఆరుగురు ఇడ్లీ తింటే ఎంతవుతుందో తర్వాత చూసుకుంటే ఆ ఇడ్లీ అరగదు.

మరిది ఇక్కడ ఒక పొరపాటు చేశాడు. ఫోన్లో ఏదో యాప్‌లో మూడొందలు తక్కువ వస్తోందని మా గది అక్కడ తీసుకున్నాడు. రెండు కంపెనీల్లోనూ వాళ్ళ దగ్గర నేరుగా తీసుకుంటేనే పాయింట్లు, ఆ రాత్రులూ లెక్కలోకి వస్తాయి. నా పేరు మీద పడాల్సిన రెండు రాత్రులు అలా పోయాయి. "మూడొందలు మిగిల్చానుగా వదినా" అన్నాడు. ఐదు రాత్రుల్లో రెండు పోయాయని నా బాధ.

కారు దిగగానే అత్తయ్యగారు సముద్రం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, ఆ వైపు కనిపిస్తున్న కొండల్ని చూస్తూ నిలబడ్డారు. మా సీమలో కొండ అనేది ఉండదు. ఎటు చూసినా చదును, పొలం, కాలవ, ఆకాశం. ఆ రోజు ఎక్కడానికి తాటిచెట్లూ, గుడులూ, ఒకటీ అరా డాబాలే.

"ఇక్కడ కొండ ఉందే" అన్నారు.

"ఉందత్తయ్యా."

"నడిచి వెళ్ళేంత దగ్గరేనా?"

హోటలు కుర్రాడు అది విని, ట్రెక్కింగు అనుకుని, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం గురించి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఆ సాయంత్రం ఆవిడే పిల్లల చెయ్యి పట్టుకుని ఇసక దాకా వచ్చారు. చీకటి పడేదాకా కూర్చున్నారు. లేద్దామని నేనన్నాను గానీ ఆవిడ అనలేదు.

ఇప్పుడు ఎవరైనా రెండిట్లో ఏది మంచిదని అడిగితే నా జవాబు ఒకటి కాదు. మీవారు ఊళ్ళు తిరిగే మనిషై, ఆయన కూడా వస్తూ, ఊరు చూడాలనుంటే నోవోటెల్. ఆయన హోదా మీ గదికి పనికొస్తుంది. మీ సొంత పేరు మీద మెల్లగా మెట్టెక్కాలనుకుంటే, పిల్లల్ని ఒక్కచోట ఆడుకోనిచ్చి మీరు కుర్చీలో పుస్తకం పట్టుకు కూర్చోవాలనుకుంటే రాడిసన్. నియమాలు మాత్రం ఈ కంపెనీలు మారుస్తూనే ఉంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఇంకా తేల్చుకోలేదు, మీసాలు దించడం ఇష్టంలేక.

మొన్న మధ్యాహ్నం వేసవికి గది తీసుకుందామని ఫోను పట్టుకు కూర్చున్నాను. ఈసారి నా పేరు మీద, నేరుగా. మీకెలాంటి గది ఇష్టమో ముందే చెప్పుకోవచ్చు. పై అంతస్తు అన్నచోట గుర్తు పెట్టాను. అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కనే ఉన్నారు.

"కొండ దగ్గరగా అని కూడా రాయి" అన్నారు.

"ఆ గడి లేదత్తయ్యా ఇందులో."

"అయితే ఫోను చేసి చెప్పు" అన్నారు, చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా.