ఆస్తమా అని డాక్టరు ఎలా తేలుస్తారు?

ఆయాసంతో పాటు పిల్లికూతలు వినబడితే చాలు, ఇంట్లో "ఉబ్బసం" అని పేరు పెట్టేస్తారు. కాని గుండె జబ్బు వలన, ఏళ్ళ తరబడి బీడీ కాల్చడం వలన, పసిపిల్లల్లో పల్లీ గింజ శ్వాసనాళంలో ఇరుక్కున్నా ఆ శబ్దం వస్తుంది.

ఆస్తమాలో గాలి గొట్టాలు ముడుచుకుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. డాక్టరు వెతికేది ఈ హెచ్చుతగ్గులనే. అందుకే మొదటి ప్రశ్నలు మీకు. దగ్గు తెల్లవారుజామున ఎక్కువా? ముసురు పట్టినప్పుడు, దీపావళి పొగకు, అగరుబత్తి వాసనకు వస్తుందా? మధ్యలో మామూలుగా ఉంటున్నారా? ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ ఉందా? రాత్రి రెండు గంటలకు రోగిని చూసింది మీరే, మేము కాదు.

తరువాత స్పైరోమెట్రీ. నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా, చివరి వరకు ఊదాలి. సాల్‌బుటమాల్ పీల్పించి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలే గాలి పెద్దవారిలో 12 శాతం, 200 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పెరిగితే ఆస్తమాకు గట్టి ఆధారం. ఐదేళ్ళలోపు పిల్లలు సాధారణంగా సరిగా ఊదలేరు. వారికి మీరు చెప్పే వివరాలు, మందుకు కలిగే గుణమే ఆధారం.

బాగున్న రోజున పరీక్ష మామూలుగా రావచ్చు. అప్పుడు పీక్ ఫ్లో మీటరుతో రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది అంకెలు రాసుకు రమ్మంటారు. (ముందురోజు రాత్రి కూర్చొని అన్నీ నింపుకొస్తే మాకు తెలిసిపోతుంది!) ఎక్స్‌రే తీసేది వేరే జబ్బులు లేవని చూడడానికి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫ పరీక్ష, క్షయ ఉందేమోనని.

ఇక తీవ్రత. గడచిన నాలుగు వారాల్లో పగలు వారానికి రెండుసార్లకు మించి ఆయాసం వచ్చిందా? రాత్రి నిద్ర లేచారా? ఉపశమనం కోసం ఇన్హేలరు వారానికి రెండుసార్లకు మించి వాడారా? పనులకు ఆటంకం కలిగిందా? మూడింటికి "అవును" అంటే జబ్బు అదుపులో లేదు. అయితే అదుపులో లేనిదంతా తీవ్రమైన ఆస్తమా కాదు. చాలాసార్లు ఇన్హేలరు పీల్చే పద్ధతిలోనే లోపం ఉంటుంది. సరైన మందు కొన్ని నెలలు సరిగా వాడాక, ఎంత మోతాదుతో అదుపులో ఉందో చూసి తీవ్రత నిర్ణయిస్తారు.

మృగశిర కార్తెకు నాంపల్లిలో ఇచ్చే చేపమందు ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్ళినా ఇన్హేలరు మానకండి. తరువాత ఎలా ఉందో ఆ నాలుగు ప్రశ్నలే వేసుకోండి.

ఆయాసం ముదిరినప్పుడు మాత్రం ఈ లెక్కలకు ఆగవద్దు. వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు ఆగిపోయినా ప్రమాదమే. గాలి ఆడకపోతే కూత కూడా ఉండదు. ఉపశమనమిచ్చే ఇన్హేలరు ఇస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి.